ట్యాంకు వెనక గునుగు

నర్సరీవాడు ఒట్టు పెట్టి మరీ పసుపు చామంతి అని అమ్మిన మొక్క మా డాబా మీద తెల్లగా పూసింది. గులాబీ కొమ్మ నాటిన డబ్బాలో కాకర తీగ లేచి గులాబీ నెత్తినెక్కి కూర్చుంది. చంద్రకాంతకు ఒక కొమ్మన పసుపు పూలు, ఒక కొమ్మన గులాబీ రంగు పూలు, నడిమి కొమ్మన రెండూ కలిసిన చారల పూలు వస్తే, ఎవరో వచ్చి రంగులద్ది పోయారేమోనని ఆకులు తిప్పి చూశాను. మా ఆయన సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపే మనిషి. మగ్గం మీద అడ్డపోగు రంగు మారినట్టు, "పేక మారిందే" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పూలమొక్కలు పెంచడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది ఒకటే. మొక్క మనం చెప్పింది వినదు, దానికి తోచిందే చేస్తుంది. ఆ గుణం నాకూ ఉంది కాబట్టి మాకు బాగానే కుదిరింది.

మేముండేది సూరత్‌లో, గోడాదరా వైపు. కింద వాటాలో మేము, పైన ఇంటావిడ. ఆవిడను వీధంతా 'బా' అంటుంది, అంటే వాళ్ల భాషలో అమ్మ. బా నెత్తి మీద డాబా. డాబాకు ఒక మూల నల్లటి నీళ్ల ట్యాంకు, మిగతా మూడు వైపులా నా పాత పెయింటు డబ్బాలు, వాటిలో నా పూలు. పగలంతా నేను ఇంట్లో కూర్చుని ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంటాను. చీరలు కట్టలు కట్టలుగా వస్తాయి. పొద్దున వంచిన మెడ మళ్లీ ఎత్తేది అన్నాలప్పుడే. సాయంత్రం చంద్రకాంత విచ్చుకునే వేళకు డాబా ఎక్కితే నాకూ ఒక మెడ ఉందని, దాని పైన ఒక తల ఉందని తెలుస్తుంది. ఆ డాబా లేకపోతే ఈ ఊళ్లో ఇన్నేళ్లు నిలిచేదాన్ని కాదు. ఈ మాట అంటే మా ఆయన నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ, నిజం నిజమే.

మాది నేసే కులం. నూలు తొక్కకూడదు, చెత్తలో వెయ్యకూడదు, పొరపాటున కాలు తగిలితే తీసి కళ్లకద్దుకోవాలి. మా అమ్మ చేతిలోంచి పోగు జారితే ఎంత పనిలో ఉన్నా వంగి తీసేది. ఆమెది పత్తి నూలు, నా ఒళ్లో పడేది పాలిస్టర్. ఆ తేడా నా వేళ్లకు తెలుస్తుంది గానీ మనసుకు ఎక్కదు. అందుకే కత్తిరించిన దారాలను మూటగట్టి, ఎవరి కాలూ పడని చోటు ఏదా అని వెతికి, డాబా మీద ట్యాంకు వెనక సందులో వేసేదాన్ని. ఆ సందులోకి మనిషి పక్కకు తిరిగి దూరితే తప్ప పట్టడు. నేను దూరే పని లేకుండా ఇవతలి నుంచే విసిరేదాన్ని.

ఆ దారాలతో ఏడాదికి ఒకసారి పనిబడేది. బతుకమ్మకు. బంతిపూలు సూరత్‌లో బుట్టలకొద్దీ దొరుకుతాయి. గునుగు పువ్వు దొరకదు. గునుగు లేకుండా బతుకమ్మ ఎట్లా పేరుస్తాం? మా వీధి తెలంగాణ ఆడవాళ్లమంతా కలిసి ఒక ఉపాయం కనిపెట్టాం. సందులో వెయ్యకముందే ఏరి పెట్టుకున్న తెల్లటి దారాలను కుచ్చులుగా కత్తిరించి, చీపురు పుల్లలకు కట్టి, ఊళ్లో గునుగుకు అద్దినట్టే ఎరుపు, నీలం రంగుల్లో ముంచి వరసలు పేర్చేవాళ్లం. దూరం నుంచి చూస్తే ఎవరూ పట్టలేరు. ఇక్కడ పుట్టిన పిల్లలకైతే గునుగంటే అదే. ఒకసారి పక్కింటి పిల్ల వచ్చి, దారాన్ని ఇక్కడి మాటలో దాగా అంటూ, "ఆంటీ, ఈసారి గునుగు ఏ దాగాతోని చేస్తున్నరు?" అని అడిగింది. ఆ రోజు నవ్వాను గానీ, ఈ పిల్లకు అసలు గునుగు చూపించాలనుకున్నాను.

విత్తనాలు పంపమని మా అమ్మకు ఫోన్ చేశాను. ఆమె నవ్విన నవ్వుకు ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను.

"గునుగు విత్తులా? జొన్నచేన్ల పీకి పీకి నడుములు వడిపోతుంటే, నువ్వు డబ్బాల వెట్టి సాదుతవా? ఎవలన్న ఇంటే నవ్వుతరే బిడ్డా!"

నవ్వింది గానీ పంపింది. ఊరి నుంచి వచ్చేవాళ్లతో, పాత చీర కొంగు ముక్కలో ముడేసి. ఆవాలకంటే చిన్నవి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. తొలకరికి ముందు పెద్ద డబ్బా చూసి చల్లాను. చల్లి కిందికి దిగానో లేదో కుండపోతగా వాన. పొద్దున చూస్తే డబ్బా పొర్లి, మట్టి డాబా అంతా పారి ఉంది. అయినా ఆశ చావలేదు. కొన్నాళ్లకు లేత మొలకలు లేచాయి. ఎదురింటి ఆవిణ్ని పిలిచి చూపించాను, మా అమ్మకు ఫోటో పంపాను, చీడపట్టకుండా బూడిద చల్లాను. తీరా ఆకు విచ్చాక చూస్తే తోటకూర. చేసేదేముంది, పప్పులో వేశాను. మా ఆయన రెండోసారి వడ్డించుకుంటూ "నీ గునుగు మస్తుంది" అన్నాడు. పళ్లెం లాక్కుందామనుకున్నాను.

అసలు గొడవ వానలు ముదిరాక వచ్చింది. ఒకరోజు బా నన్ను పైకి పిలిచింది. ఆవిడ మాట్లాడేది సగం గుజరాతీ సగం హిందీ, నేను బదులిచ్చేది సగం హిందీ సగం తెలుగు. మా ఇద్దరికీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇక్కడ ఆవిడ మాటల్ని నా తెలుగులోనే రాస్తున్నాను. గదిలో ఒక మూల కప్పు మీద చెమ్మ మరక, చాపంత. దాని కింద గోడకు దండ వేసిన ఆవిడ భర్త ఫోటో. ఫోటో అద్దం మీద నీటి చారలు. కింద నేల మీద ఒక పెద్ద ఇత్తడి పళ్లెం పెట్టుకుంది, అందులో చుక్క టప్పుమని పడుతోంది.

"చూడు బేటా," అంది బా. "బతికినన్నాళ్లూ స్నానం చెయ్యమంటే పారిపోయేవాడు. నీ పూల పుణ్యమా అని ఇప్పుడు రోజూ స్నానమే."

నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి.

"నా డబ్బాలు ఈ వైపు లేవు బా. ఇటు ట్యాంకుంది" అన్నాను.

"నీళ్లకు దారి నువ్వు చెబుతావా?"

నిజమే, ఎవరు చెప్పగలరు? ప్లంబరు వచ్చాడు. ట్యాంకు తట్టాడు, ముందున్న గొట్టాలు తడిమాడు, ఎక్కడా కారడం లేదన్నాడు. డాబా మీద అన్ని మొక్కలుంటే కప్పు ఉరవక ఏం చేస్తుందని నా పూల వైపు చెయ్యి చూపించి పోయాడు. దాంతో తీర్పు అయిపోయింది. నవరాత్రికి ఇంట్లో దీపం పెట్టిన గర్బో కుండ నిలబెట్టేలోగా డాబా ఖాళీ కావాలంది బా. వాళ్లకు నవరాత్రి మొదలయ్యే ముందురోజు అమావాస్య, మాకు ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. నా డబ్బాల్లో బంతి నిండా మొగ్గలతో ఉంది. సరిగ్గా పూసే వేళకు పీకెయ్యాలి.

బతిమాలదామనుకున్నాను. మా ఆయన వద్దన్నాడు. "పూల కోసం ఇల్లు వోగొట్టుకుంటమానే? గిసోంటి మనిషి మళ్ల దొరుకుతదా?" సాంచాల మోతకు చెవులు మందగించి ఆయన గుసగుస కూడా వీధికి వినిపిస్తుంది. అందుకని నేను గట్టిగా వాదించలేకపోయాను. పైగా బా మాకు చేసింది చిన్నదా? సాంచాలన్నీ మూతపడి మనవాళ్లంతా ఊళ్లకు పోయిన రోజుల్లో, "ఎక్కడికి పోతారు, నా వంటింట్లో పిండి ఉంది" అని మమ్మల్ని కదలనివ్వని మనిషి బా. ఆవిడ పెనిమిటి ఫోటో మీద చుక్కలు పడుతుంటే నేను పూలు చూసుకుని మురవగలనా? మురవలేను.

అమావాస్య ముందురోజు మా ఆయనకు పనిలేదు. పొద్దున్నే డబ్బాలు దింపడం మొదలుపెట్టాడు. చామంతి వెళ్లింది, చంద్రకాంత వెళ్లింది, మెట్ల మలుపులో చీకట్లో వరసగా నిలబడ్డాయి. నేను ఒక్కమాట కూడా మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఆయనకు భయం. "ఊకో, నర్సరీకి ఇచ్చేద్దాం, ఆడ మంచిగుంటయి" అన్నాడు. ఆ నర్సరీవాడికా? పసుపు చామంతి తెల్లగా పూయించినవాడికా?

మందార దగ్గర పని ఆగింది. కొమ్మలు గొడుగులా పరుచుకుని మెట్ల గుమ్మంలో పట్టలేదు. దగ్గరికి కట్టాలన్నాడు, దారం తెమ్మన్నాడు. దారం ఎక్కడుంటుంది? ట్యాంకు వెనక. ఎన్నడూ లేంది పక్కకు తిరిగి ఆ సందులోకి దూరాను.

అక్కడ గునుగు పూసి ఉంది.

ఒకటి కాదు, ఒక చిన్న మడి. నా నడుమెత్తు మొక్కలు, ప్రతి కొమ్మకూ దీపం వత్తుల్లాంటి పూలు, కొసన గులాబీ, కింద వెండిలాంటి తెలుపు. నేను డబ్బా ముందు గొంతుక్కూర్చుని తోటకూరకు బూడిద చల్లుతున్న రోజుల్లో ఇది ఇక్కడ ఎవరి సాయమూ లేకుండా పెరుగుతోంది.

"ఇగో, జల్ది రా! గిటు రా!" అని అరిచాను.

"ఏందే, పామా?"

"పాము గాదు, గునుగు!"

"ఏందీ?"

"గునుగూ!"

వీధంతా విన్నది. ఆయన పొట్ట లోపలికి లాక్కుని సందులోకి వచ్చి, నోరు తెరిచి నిలబడ్డాడు. "గీడికెట్ల వచ్చిందే ఇది?"

సంతోషం పట్టలేక ఒక మొక్కను మొదట్లో పట్టుకుని లాగాను. మొక్క రాలేదు. నేలంతా కదిలింది. కాళ్ల కింద నేలనుకున్నది నేల కాదు, గొంగడిలా పేరుకున్న దారం. అది పైకి లేచిన చోట నల్లటి నీళ్లు, నా చీలమండలు మునిగేంత. అప్పుడు తెలిసింది. డాబా మీది వాననీరంతా పోవాల్సిన తూము ఆ మూలనే ఉంది. నేను విసిరిన మూటలు విడిపోయి, ఆ తూము నోట్లో చేరి కూరుకుపోయాయి. తొలకరి వానకు డబ్బా పొర్లినప్పుడు మట్టీ, మా అమ్మ పంపిన విత్తనాలూ నీటివాలున కొట్టుకొచ్చి ఆ దారంలో చిక్కుకున్నాయి. నీళ్లకు కొదవలేదు, పీకేవాళ్లు లేరు. గునుగుకు ఇంకేం కావాలి? ఆ నిలవ నీళ్ల కిందే బా గది. పెద్దాయనకు రోజూ స్నానం చేయించింది నా పూలు కాదు, నా మడీ నా ఆచారమూ.

మొక్కలన్నీ మొదళ్ల దగ్గర విరిచి ఒడిలో వేసుకున్నాను. ఆ ముద్దను కూడా బలంగా లాగబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"గుంజకు. గుంజితే బిగుస్తది. కొస దొర్కనియ్."

సాంచా మీద పోగు తెగితే ఎట్లా వంగుతాడో అట్లాగే వంగి, మోచెయ్యి దాకా నీళ్లలో పెట్టి, కళ్లు మూసుకుని వేళ్లతో వెతికాడు. కొస దొరికింది. మోచేతికి చుట్టుకుంటూ మెల్లగా తీయడం మొదలుపెట్టాడు. చిలకాకుపచ్చ వచ్చింది, రాణీ రంగు వచ్చింది, బంగారు రంగు వచ్చింది. ఏ రంగు ఏ చీరదో నాకు గుర్తొస్తోంది. పెళ్లిళ్ల కాలంలో వచ్చిన ఎర్ర చీరల దారమైతే ఎంతకీ తెగదు. ఉన్నట్టుండి లోపల ఏదో గడగడమంది. నీళ్లు సుడి తిరిగి, ఇన్నాళ్ల దాహం తీర్చుకున్నట్టు తూములోకి దూకాయి.

మరుక్షణం కింది నుంచి బా కేక.

పిట్టగోడ మీంచి వంగి చూశాను. బా తూము గొట్టం కిందే నిలబడి తోపుడుబండివాడితో వంకాయలు బేరమాడుతోంది. ఆడుతోంది కాదు, ఆడుతూ ఉండింది. ఇప్పుడు తెల్లచీర మీద బురద, భుజం మీద రాణీ రంగు దారం, చేతిలో వంకాయ. బండివాడు బండి వదిలి పారిపోయాడు. మా ఆయన పిట్టగోడ చాటున కూలబడ్డాడు. నేను ఒడినిండా గునుగుతో దొరికిపోయాను.

బా తిట్టిన తిట్లు గుజరాతీలో ఉన్నా నాకు అన్నీ అర్థమయ్యాయి. తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి, గొట్టంలోంచి ఆగకుండా పడుతున్న నీళ్ల వైపు చూసింది.

"ఇదంతా ఇన్నాళ్లూ నా నెత్తి మీదే ఉందా?"

"ఉంది బా."

తడి చీరతోనే పైకొచ్చింది. తూము చూసింది, దారాల కుప్ప చూసింది. నా ఒళ్లోంచి ఒక గునుగు తీసి, సూరత్ వాళ్లు బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది.

"ఇదీ దారమేనా?"

"కాదు బా, పువ్వు. మా ఊరిది."

"అయితే తప్పు పూలది కాదు. నీది."

"అవును బా."

"పూలు ఉండొచ్చేమో. నిన్ను ఉంచాలా వద్దా అనేదే ఆలోచించాలి." మూతి బిగించుకునే అంది గానీ కళ్లు నవ్వుతున్నాయి. తర్వాత మామూలుగా చెప్పింది. "ఇంకో గట్టి వాన పడనీ. చుక్క రాకపోతే పూలు పైకి. వస్తే మాత్రం ఇక నన్ను అడగకు. అప్పటిదాకా డబ్బాలు మెట్ల దగ్గరే."

దారాలన్నీ కడిగి ఆరబెట్టి, కళ్లకద్దుకుని, పరుపులు కుట్టే దుకాణానికి ఇచ్చేశాను. గునుగు కట్టలు కట్టి ఇంట్లో తీగకు తలకిందులుగా వేలాడదీశాను. అది వాడిపోయే పువ్వు కాదు, ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ దాకా ఆగుతుంది. ఎంగిలిపూల నాడు మెట్ల మలుపులో చీకట్లోనే విచ్చిన నాలుగు బంతిపూలతో కానిచ్చాను.

ఇక వాన కోసం ఎదురుచూపు. నవరాత్రిలో సూరత్‌లో వాన కోరుకునే మనిషి ఎవరైనా ఉంటారా? పిల్లలు కొత్త ఘాగ్రాలు కుట్టించుకుని రోజూ గర్బా ఆడుతున్నారు, పెద్దలు మబ్బు కనబడితే చాలు మాతాజీకి దండం పెడుతున్నారు. నేనొక్కదాన్నే దొంగలా ఆకాశం వంక చూసి, ఒక్క వాన, గట్టి వాన, అని మొక్కేదాన్ని. మొక్కిన వెంటనే ఇంకో ఆలోచన వచ్చేది. పడ్డాక కప్పు ఉరిస్తే? ఎండ తగలక చామంతి ఆకులు అప్పటికే పసుపెక్కాయి. నర్సరీవాడు చెప్పిన పసుపు చివరికి అక్కడ వచ్చింది.

సద్దులకు ముందురోజు సాయంత్రం పడింది. ఉరుములతో, ఈదురుగాలితో, గర్బా పందిరి గుడ్డలు ఎగిరిపోయేలా. వీధంతా అయ్యో అంటుంటే నేను మెట్లు రెండేసి ఎక్కి బా గదికి పరిగెత్తాను. ఆవిడ అప్పటికే మరక కింద ఇత్తడి పళ్లెం పెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేను నేల మీద కూర్చున్నాను. ఇద్దరం తలలెత్తి కప్పు వంక చూస్తున్నాం. మరక ఉంది గానీ అంచులు ఎండి తెల్లబారాయి. బయట తూములోంచి నీళ్లు వీధిలోకి దూకుతున్న చప్పుడు. లోపల మా ఇద్దరి ఊపిరి. మెడ నొప్పి పుట్టింది. అయినా దించలేదు, దించితే ఆ క్షణంలోనే చుక్క పడుతుందేమోనని భయం.

వాన అలసిపోయి జల్లయింది. బా పీట మీంచి లేచి, పళ్లెం తీసి, అరచేత్తో తుడిచింది. ఆ చెయ్యి నా చెంపకు ఆనించింది. పొడిగా ఉంది.

మొక్కలు తీసెయ్యమన్న రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత బరువు మోశానో దించాకే తెలిసింది. బా నన్ను ఏడవనిచ్చింది.

అంతలో నెత్తి మీద బరబరమని ఈడ్చిన చప్పుడు. ఆగి, మళ్లీ బరబర.

"ఏమిటది?" అంది బా.

"మా ఆయన బా. మందార పైకెక్కిస్తున్నట్టున్నాడు."

"నేనింకా ఎక్కించమనలేదు."

"నా ఏడుపు విన్నాడేమో బా."

"ఆ చెవులకు వినబడిందా!" అని బా పగలబడి నవ్వింది. నవ్వి, భర్త ఫోటో అద్దం కొంగుతో తుడిచి సరిచేసింది. తర్వాత ఆ ఇత్తడి పళ్లెం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మీరు పూలు పేర్చేది ఇలాంటి దాంట్లోనే కదా? తీసుకుపో. నాకిక దీనితో పని లేదు."

మర్నాడు చింతపండుతో తోమితే పళ్లెం తళతళలాడింది. అడుగు వరస గునుగుతోనే పేర్చాను. దానికి ఏ రంగూ అద్దలేదు.